ఇఫుగావో నడికట్టు బిళ్లలు: ఎముకా కాదు, దంతమూ కాదు

మ్యూజియం వస్తువుల సంరక్షణ నా పని. ఫిలిప్పీన్స్‌లోని ఇఫుగావో తెగ మగవాళ్లు నడుముకు కట్టే గినుత్తు అనే తెల్ల బిళ్లల నడికట్టు గురించి ఎప్పుడూ వినే మాటలు కొన్ని ఉన్నాయి.

అపోహ: ఆ తెల్ల బిళ్లలు శత్రువుల ఎముకలు.

అక్కడ ఒకప్పుడు తలలు నరికే ఆచారం ఉండేది కాబట్టి ఈ కథ ఇట్టే అతుక్కుంటుంది. కానీ అవి సముద్రపు గుల్లను గుండ్రంగా కోసి, అరగదీసి వరుసగా కట్టిన బిళ్లలు. లెన్స్ పెట్టి అంచు చూడండి. గుల్లయితే పొరలు పొరలుగా ఉంటుంది, ఎముకైతే సూదితో పొడిచినట్టు సన్నటి చుక్కలు కనిపిస్తాయి, అవి రక్తనాళాలు వెళ్లిన దారులు. పసుపు తిరిగింది కదా, దంతమేనంటారు ఇంకొందరు. చెమట, జిడ్డు, పొయ్యి పొగ పట్టిన పాత గుల్ల కూడా అలాగే పసుపెక్కుతుంది.

అపోహ: కొండజనం, దగ్గర్లో దొరికిన దాంతో చేసుకున్నారు.

వాళ్లుండే ఇఫుగావో ప్రాంతానికి సముద్రతీరమే లేదండీ! లూజాన్ దీవి ఉత్తరాన కార్డిల్లెరా కొండల మధ్య ఉంటుంది. గుల్ల తీరం నుంచి చేతులు మారుతూ పైకి రావాలి, అందుకే అది కడంగ్యాన్ అనే కలిగినవాళ్ల సొత్తు. బంగారం తెలియక కట్టుకున్నదేం కాదు, లింగ్‌లింగ్-ఓ అనే నగను వాళ్లు బంగారంతోనూ చేయించుకున్నారు.

అపోహ: తెల్లగా బూజు పట్టింది, వెనిగర్‌తో తుడిస్తే పోతుంది.

ఇది వింటే నాకు నిజంగా టెన్షన్. గుల్లంటే ప్రధానంగా కాల్షియం కార్బొనేట్, మనవాళ్లు గుల్లసున్నం కాల్చేదీ అలాంటి గుల్లలతోనే. వెనిగర్ తగిలితే బుసబుసమని నురగొచ్చి పైమెరుపు పోతుంది, మళ్లీ రాదు. పైగా ఆ తెల్లపొడి చాలాసార్లు బూజే కాదు. చెక్క బీరువా, ప్లైవుడ్, మామూలు అట్టపెట్టె వదిలే ఆమ్లపు ఆవిరి తేమతో కలిసి గుల్లను కొద్దికొద్దిగా తినేస్తూ పైన లవణాన్ని పేరుస్తుంది. దీన్ని బైన్స్ డిసీజ్ అంటాం. 1899లో దాని గురించి రాసిన బైన్ అనే గుల్లల నిపుణుడు అది బ్యాక్టీరియా పని అనుకున్నాడు, కారణం తప్పని తేలినా పేరు మాత్రం ఆయనదే నిలిచింది. వ్యాధి కాదు కాబట్టి మందుల్లేవు. మెత్తటి పొడి బ్రష్‌తో దులిపి, ఆమ్లం లేని కాగితంలో చుట్టి స్టీలు బీరువాకి మార్చడమే.

తేమ పోవాలని ఎండలో పెట్టకండి. పేముతో కట్టినదైతే ఎండకు పేము పెళుసెక్కి బిళ్లలు ఊడతాయి. మేకుకు వేలాడదీస్తే బరువంతా కట్టు మీదే పడుతుంది, ట్రేలో పరిచి ఉంచండి.