చెక్‌డ్యాం తీసేస్తే ఏటికి ఎంత మేలు? లెక్కల్లో అపోహలు, వాస్తవాలు

సుంకేశుల, మైలవరం లాంటి పెద్ద ఆనకట్టలను పగలగొట్టమనే వాదన కాదిది. హంద్రీ, చిత్రావతి, పాపాఘ్ని లాంటి ఏళ్ళ మీదా, వాటిలో కలిసే వంకల మీదా పూడిపోయి, ఆయకట్టు లేక పడున్న పాత ఆనకట్టలు, చెక్‌డ్యాంల సంగతి. వాటిని తీస్తే వచ్చే మేలును అంకెల్లో పెట్టేటప్పుడు జరిగే పొరపాట్లు ఇవి.

అపోహ: ఎగువన ఎన్ని కిలోమీటర్లు తెరుచుకుంటే అంత మేలు.

అడ్డు ఎక్కడుందన్నది అంతకంటే ముఖ్యం. 100 కి.మీ. ఏరు, చేప దాటలేని ఒకే అడ్డు అనుకోండి. రెండు ముక్కల పొడవులనూ మొత్తంలో వాటాలుగా రాసి, ఒక్కోదాన్ని వర్గం చేసి కూడాలి. అడ్డు నడిమధ్యలో ఉంటే 0.25 + 0.25, అంటే ఏరు ఎంత తెగకుండా ఉందో చెప్పే సూచిక 100కి 50. తీస్తే 100 అవుతుంది. అదే పైకొసకు 10 కి.మీ.లో ఉంటే 0.81 + 0.01, అంటే ఇప్పటికే 82. పెరిగేది 18 మాత్రమే.

ఇదీ ఏట్లోనే తిరిగే చేపలకే. సముద్రం నుంచి ఎక్కే మలుగుకు ఈ లెక్క చెల్లదు. కడప జిల్లాలో పెన్న మీద ఏది తీసినా కింద సోమశిల, సంగం, నెల్లూరు ఆనకట్టలు అలాగే ఉంటాయి. అమెరికాలో క్లామత్ నది మీద నాలుగు డ్యాంలు తీశాక 2024లోనే సాల్మన్లు ఆరెగాన్ దాకా ఎక్కాయి. ఆ ఫలితాన్ని తెచ్చి చిత్రావతికి అతికిస్తే నవ్వుకోవాల్సిందే. మన ఏర్లలో నెలల తరబడి ఇసుకే. కాబట్టి కిలోమీటర్ల పక్కన నీళ్ళు పారే రోజుల సంఖ్య కూడా రాయాలి.

అపోహ: కట్ట వెనక నిలిచిన నీళ్ళు ఏటికి నష్టమే.

ఎండాకాలంలో చుట్టుపక్కల మడుగులన్నీ ఇంకిపోతే ఆ నీళ్ళే కొర్రమీను, పరిగెలకు దిక్కు. కట్ట తీస్తే అది పోతుంది, దాన్ని నష్టం పద్దులో వేయాల్సిందే. అయితే అందులో ఉన్నవి బయటి దేశాల నుంచి వచ్చిన తిలాపియాలే అయితే ఆ పద్దు చిన్నదవుతుంది. అందుకే ముందు వల వేసి చూడాలి.

భూగర్భ జలాల సంగతీ అంతే. పారుదల ఆగాక స్కేలు పెట్టి నీటిమట్టం రోజుకు ఎన్ని మి.మీ. దిగుతోందో చూడండి. అందులోంచి ఆవిరి తీసేయాలి: పాన్ కొలత (వెడల్పాటి పాత్రలో నీళ్ళు రోజుకు ఎంత ఆవిరవుతాయన్నది) 8 మి.మీ. అయితే, పాత్రలో ఆవిరి ఎక్కువ కాబట్టి 0.7తో గుణిస్తే 5.6. మట్టం 7 మి.మీ. దిగితే ఇంకేది 1.4 మి.మీ.. అడుగున బంకమట్టి పొర కట్టిందన్నమాట. అలాంటి కట్ట తీస్తే బోర్లు ఎండిపోతాయన్న భయానికి ఆధారం తక్కువ. 20 మి.మీ. దిగుతోందంటే మాత్రం తీయకపోవడమే మంచిది.

అపోహ: పూడికంతా ఇసుకే, కొట్టుకుపోతే దిగువకు లాభమే.

కట్ట పొడవు 40 మీటర్లు, దాని దగ్గర పూడిక లోతు 1.5 మీటర్లు, వెనక్కి 300 మీటర్లు అనుకుందాం. వెడల్పు తగ్గకుండా లోతు మాత్రమే తగ్గుతూ పోతే, మూడూ గుణించగా వచ్చినదాంట్లో సగం లెక్కగట్టాలి: 9,000 ఘనపు మీటర్లు. వెడల్పూ సన్నబడితే మూడో వంతు: 6,000. ఈ ఒక్క అంచనాతోనే 3,000 తేడా! అందుకే 10 మీటర్లకొకచోట ఇనుప కడ్డీ దించి గట్టి నేల తగిలేదాకా కొలవాలి.

తర్వాత మట్టి రకం. వేర్వేరు లోతుల నుంచి తీసి, లీటరు సీసాలో మూడో వంతు పోసి, నీళ్ళు నింపి గట్టిగా కుదపండి. నిమిషంలో దిగేది ఇసుక. కొన్ని గంటల్లో దిగేది ఒండ్రు. మర్నాటికీ పైన తేలుతుండేది బంకమన్ను. ఇసుక దిగువన చెలమలకు ఊట తెస్తుంది. బంకమన్ను ఇసుక సందుల్ని మూసి, ఇంకే నీటిని ఆపేస్తుంది. ఒకే టన్నుకు ఒకచోట మేలు, ఒకచోట కీడు. పురుగుమందులు వాడే పొలాల కింద ఉన్న పూడికైతే ల్యాబు పరీక్ష లేకుండా కదపకూడదు.

అపోహ: ముందొక సర్వే, తర్వాతొక సర్వే చాలు.

మంచి వాన పడిన ఏడాది కట్ట తీసినా తీయకపోయినా చేప పెరుగుతుంది. అందుకే కట్ట అలాగే ఉన్న మరో వంకను పక్కన పెట్టుకుని, రెండింటినీ కనీసం రెండేళ్ళు ముందు, మూడేళ్ళు తర్వాత, ఒకే వల, అదే కన్ను, అన్నే గంటలతో చూడాలి. మేలు అంటే ఇక్కడ పెరిగినదాంట్లోంచి అక్కడ పెరిగింది తీసేయగా మిగిలేది.

అపోహ: తెగిపోయినా తీసేసినా ఒకటే.

2021 నవంబరు 19న చెయ్యేరు మీద అన్నమయ్య ప్రాజెక్టు మట్టికట్ట తెగినప్పుడు ప్రాణాలు పోయాయి, పొలాల్లో ఇసుక మేటలు వేసింది. దాన్ని ఏరు బాగుపడిన ఉదాహరణగా చూపడం తప్పు. చిన్న చెక్‌డ్యాం అయినా ఎండాకాలంలో, అలుగు నడుమ గండి కొట్టి, కొద్దికొద్దిగా దించాలి. ఒక పొర దించాక ఒక పారుదల పోనిచ్చి, దిగువన అడ్డకోతలు (ఈ ఒడ్డు నుంచి ఆ ఒడ్డు దాకా ఏటి అడుగు మట్టాలు) మళ్ళీ కొలిచాకే రెండో పొర ముట్టుకోవాలి.