జానపద పాటతో పిల్లలకు కల్పన నేర్పడం: అపోహలు - వాస్తవాలు

సంగీతం క్లాసులో పిల్లల చేత కల్పన చేయిద్దామంటే, అంటే అప్పటికప్పుడు సొంతంగా నాలుగు ముక్కలు పాడిద్దామంటే పిల్లలకంటే ముందు పెద్దలే సందేహపడతారు. తల్లిదండ్రుల అనుమానాలు కొన్ని, తోటి సంగీతం టీచర్లవి కొన్ని. బడిలోనూ ఇంటి దగ్గరా పాఠాలు చెబుతాను కాబట్టి రెండు రకాలూ నా చెవిన పడుతుంటాయి. తరచుగా వినేవాటి సంగతి చూద్దాం.

అపోహ: మనోధర్మం (శాస్త్రీయ సంగీతంలో అప్పటికప్పుడు చేసే కల్పన) వర్ణాలు, కీర్తనలు అయ్యాక వచ్చే విద్య. చిన్నపిల్లలకు ఎందుకు?

రాగాలాపన, నెరవల్ (ఒకే సాహిత్యాన్ని రకరకాల సంగతులతో పాడటం), కల్పన స్వరాల (అప్పటికప్పుడు అల్లే సరిగమల) వరకైతే ఆ మాట నిజమే. సరళీ స్వరాలు, జంట స్వరాలు, అలంకారాలు, గీతాలు అనే తొలి పాఠాల వరుసతో నాకు పేచీ లేదు. అయితే అప్పటికప్పుడు ఒక చరణం అల్లి, లయ తప్పకుండా మళ్లీ పల్లవిని అందుకోవడం సరిగమలు తెలియనివాళ్లు కూడా తరతరాలుగా చేస్తున్న పనే.

బతుకమ్మ ఆడేచోట గమనించండి. ఒకామె చరణం ఎత్తుకుంటుంది. చుట్టూ ఉన్నవాళ్లు దాన్నే తిరిగి పాడి ‘ఉయ్యాలో’ అంటారు. వాళ్లు పాడే ఆ కాస్త సేపట్లో ఆమెకు తరవాతి చరణం సిద్ధమవుతుంది. బుర్రకథలోనూ అంతే. వంతలు ‘తందాన తాన’ అంటుండగా కథకుడు ఊపిరి తీసుకుంటాడు, ముందు మాట కూర్చుకుంటాడు. నాట్ల పాటల్లో, కోలాటంలో కూడా ఒకరు అందిస్తే పదిమంది అందుకోవడమే పద్ధతి. ఆలోచించుకునే వ్యవధి పాట కట్టుబడిలోనే ఉంది. ‘నీకు తోచింది పాడు’ అని పిల్లను ఒంటరిగా నిలబెడితే గొంతు పెగలదు. అదే పిల్లకు వెనక వంత పాడే బృందం ఉంటే దారి దొరుకుతుంది.

అపోహ: మాటలు మార్చడం కవిత్వం అవుతుంది, సంగీతం ఎలా అవుతుంది?

తోటి టీచర్లు ఎక్కువగా అడిగేది ఇదే. దీనికి మాటలతో జవాబు చెప్పడం కంటే క్లాసులో జరిగేది చూపించడం మేలు.

ఉయ్యాల పాట నడకలో ‘ఉయ్యాలో’కు ముందు ఎనిమిదేసి మాత్రలు (హ్రస్వాక్షరానికి ఒకటి, దీర్ఘానికి రెండు) ఉన్న చరణం ఒకటి నేనే ఇస్తాను: ‘మా బడి ముంగిట ఉయ్యాలో, మామిడి కొమ్మా ఉయ్యాలో’. పిల్లలు గుండ్రంగా నిలబడి చప్పట్లు కొడతారు. వంత అందరిదీ, కొత్త చరణం ఒక్కరిది. ఒక అమ్మాయి ‘కొమ్మన కోయిల’ అంది. సరిగ్గా ఎనిమిది మాత్రలు, చప్పట్లలో చక్కగా ఇమిడిపోయింది. పక్క పిల్లవాడు ‘హెడ్మాస్టరుగారి స్కూటరు’ అన్నాడు. అది పదమూడు మాత్రలకు పోయింది, అతను ముగించేలోగా అందరూ ‘ఉయ్యాలో’ అనేశారు. నవ్వులు సరే, తరవాత ఏం చేశాడన్నది ముఖ్యం. రెండోసారి ‘సారు స్కూటరు’ అన్నాడు. ఈసారి ఒక మాత్ర తక్కువ. మూడోసారి ‘సారూ స్కూటరు’ అని ‘రు’ను సాగదీశాడు. సరిపోయింది. ఎక్కడ కుదించాలి, ఏ అక్షరాన్ని సాగదీయాలి అన్నది అతనికి నేను చెప్పలేదు. మాత్ర అనే మాట కూడా ఆ తరవాతే చెప్పాను.

ఇది లయ పాఠం కాకపోతే మరేమిటి? రేపు కల్పన స్వరం పాడేటప్పుడు లెక్క చూసుకుని ఎత్తుగడలో (పాట మళ్లీ అందుకునే చోట) వచ్చి పడటానికి కావలసిన నేర్పు ఇదే.

మాటల పని కుదిరాక బాణీ జోలికి వెళతాం. ఇప్పుడు మాట మారదు. ‘కొమ్మన కోయిల’ అనే ముక్కనే తలా ఒక రకంగా పాడాలి, కానీ షడ్జంలో (స) ముగించాలి. ఒకరు గ రి స అని పైనుంచి దిగుతారు, మరొకరు కింది ధైవతం (ద) తాకి స మీదికి వస్తారు. కొన్నాళ్లకు ఒకరు పంచమంలో (ప) ఆపి ప్రశ్నలా వదిలేస్తే, పక్కవారు షడ్జానికి దిగి జవాబు చెప్పడం మొదలవుతుంది. సాహిత్యం ఉన్నచోటే ఉంచి సంగీతాన్ని మార్చడమంటే నెరవల్‌కు తొలి మెట్టు ఎక్కినట్టే కదా.

అపోహ: కల్పన అంటే స్వేచ్ఛ. నియమాలు పెడితే పిల్లల ఊహ చచ్చిపోతుంది.

అనుభవం తలకిందులుగా ఉంది. ‘ఏదైనా పాడు’ అంటే తెల్లముఖం వేస్తారు, లేదంటే సినిమా పాట ఎత్తుకుంటారు. ‘స, రి, గ మూడు స్వరాలే వాడాలి, చివరి సగం మాత్రమే మార్చాలి’ అంటే చెలరేగిపోతారు. నా క్లాసులో ఇంకో నియమం ఉంది: ఏమీ తోచకపోతే ముందువాళ్లు పాడిందే పాడవచ్చు. దానికి తప్పు పట్టేది లేదు. బిడియపడే పిల్లలు కొన్ని వారాలు అలా నెట్టుకొచ్చి, ఒకరోజు చిన్న మార్పు చేస్తారు. అప్పుడు మెచ్చుకోళ్లతో ఊదరగొట్టకుండా ఊరుకోవడం టీచరు పని.

హార్మోనియం కూడా పక్కన పెట్టేయండి. పిల్లవాడు పాడే ప్రతి స్వరానికీ వాయిద్యం తోడొస్తే అతను దాన్నే వెతుక్కుంటాడు. ఆధార స్వరం మాత్రమే వినిపించే శ్రుతి పెట్టె చాలు.

అపోహ: జానపదాలు పాడితే శాస్త్రీయానికి గొంతు పనికిరాదు.

గొంతు పాడయ్యేది అరవడం వల్ల. ఆ అరుపు వర్ణంలోనూ సాధ్యమే. ‘జానపదం’ అనగానే గొంతు చించుకోవాలన్న అలవాటు వేదికల నుంచి, టీవీ పోటీల నుంచి వచ్చింది. జోలపాటను అరిచి ఎవరు పాడతారు? పెద్దల శ్రుతికి పిల్లలను లాగకుండా ఐదు, ఐదున్నర శ్రుతి దగ్గర చూసి, వాళ్లకు హాయిగా ఉన్నచోట పాడించండి. మన పిల్లల పాటలు చాలావరకు నాలుగైదు స్వరాల పరిధిలోనే తిరుగుతాయి కాబట్టి లేత గొంతుకు బరువు కూడా కాదు.

ఇక శాస్త్రీయానికి జానపదం అంటరానిదన్న మాట మన వాగ్గేయకారుల ముందు నిలవదు. అన్నమయ్య సువ్వి, గొబ్బి, జాజర, ఉయ్యాల, కోలాటం వరసల్లో పదాలు కట్టాడు. నవరోజు, కురంజి, పున్నాగవరాళి లాంటి రాగాల్లో జానపదపు వాసన ఇప్పటికీ తెలుస్తూనే ఉంటుంది. హంగరీలో బార్టోక్, కోడాయ్ అనే స్వరకర్తలు పల్లె పాటలు సేకరించి 1906లో సంపుటిగా తెచ్చారు. తరవాతి కాలంలో కోడాయ్ పిల్లల సంగీత విద్యకు ఆ పాటలనే పునాది చేశాడు.

అపోహ: పాటకు ఒకటే అసలు బాణీ ఉంటుంది. యూట్యూబ్‌లో ఉన్నదే నేర్పాలి.

ఒకే పాటను ఇద్దరు పిల్లల చేత వాళ్ల అమ్మమ్మ, నాయనమ్మల దగ్గర నేర్చుకుని రమ్మనండి. రెండు బాణీలు వస్తాయి, ఒక్కోసారి చరణాలూ వేరుగా ఉంటాయి. ఎవరిది తప్పని తేల్చే పని పెట్టుకోకండి. రెండూ పాడించి, ఎక్కడ విడిపోతున్నాయో పిల్లలనే కనిపెట్టమనండి. రికార్డు చేసిన పాటొక్కటే వింటే ఈ తేడా వాళ్లకు ఎన్నటికీ తెలియదు.

అపోహ: ఏ జానపద పాటైనా క్లాసుకు పనికొస్తుంది.

రాదు. కులాన్నో, అంగవైకల్యాన్నో ఎగతాళి చేసే చరణాలున్న పాటలు ఉన్నాయి, వాటిని నేను తీసుకోను. గ్రామదేవతల కొలుపుల్లో పాడేవి, ఒగ్గు కథలాగా ఒక సమూహం భక్తితో కాపాడుకుంటున్నవి వినిపించి, గౌరవంగా పరిచయం చేస్తాను కానీ మాటలు మార్చి ఆడుకోవడానికి ఇవ్వను. ఆటపాటలు, పని పాటలు, ఉయ్యాల పాటలు చాలినన్ని ఉన్నాయి.

అపోహ: బాగా సాధన చేయించి వార్షికోత్సవంలో కల్పన చూపించవచ్చు.

పదిసార్లు సాధన చేసిన కల్పన కంఠస్థమే. వేదిక మీద చూపించాల్సిందే అంటే వంత ఒక్కటే సాధన చేయించండి. చరణం ఎవరెత్తుకోవాలో అక్కడే చీటీ తీయండి. చీటీలో పేరు వచ్చిన పిల్ల తడబడవచ్చని హెడ్మాస్టరుకు ముందే చెప్పి ఒప్పించడం మాత్రం మీ బాధ్యత.