పొరుగు దేశం డబ్బిస్తానన్న రోడ్డు: ఏ5 వెనక పద్దెనిమిదేళ్ల పంచాయితీ

ఐర్లండ్ రాజధాని డబ్లిన్ నుంచి డెర్రీకి కారులో వెళ్తే దారిలో దేశం మారుతుంది. మొనహన్ కౌంటీ దాటి ఆక్నాక్లోయ్ అనే చిన్న ఊరికి చేరేచోట ఇప్పుడు గేటు లేదు, ఆపేవాడూ లేడు. రోడ్డు అంచున పసుపు గీత పోయి తెల్ల గీత వస్తుంది. స్పీడు బోర్డుల మీద కిలోమీటర్లు పోయి మైళ్లు వస్తాయి. అప్పటిదాకా ఎన్2 అన్న రోడ్డును అక్కడి నుంచి ఏ5 అంటారు. అంటే ఐర్లండ్ రిపబ్లిక్ అయిపోయి, బ్రిటన్ కింద ఉన్న ఉత్తర ఐర్లండ్ మొదలైందన్నమాట.

ఈ ఏ5కు బదులుగా ఆక్నాక్లోయ్ దగ్గర నుంచి డెర్రీ శివార్ల దాకా 85 కిలోమీటర్ల కొత్త నాలుగు లేన్ల రోడ్డు వేయాలని 2007లో రెండు ప్రభుత్వాలూ ఒప్పుకున్నాయి. 2025 నాటికి కూడా ఆ రోడ్డు లేదు. ఎవరి డబ్బు, ఎంత, ఎప్పుడు అన్న చర్చ మాత్రం ఆగలేదు.

పరాయి గడ్డ మీద వేసే రోడ్డుకు డబ్లిన్ ఎందుకు డబ్బివ్వాలి? మ్యాపు చూస్తే సగం జవాబు దొరుకుతుంది. ఐర్లండ్ వాయవ్య మూలనున్న డొనెగల్ కౌంటీ రిపబ్లిక్‌దే. కానీ మిగతా దేశంతో దానికి లీట్రిమ్ వైపు కొద్ది కిలోమీటర్ల సరిహద్దు తప్ప ఇంకే అతుకూ లేదు, మిగతా సరిహద్దంతా ఉత్తర ఐర్లండే. డొనెగల్‌లోని లెటర్‌కెన్నీ ఊరివాళ్లు తమ రాజధానికి పోవాలంటే స్ట్రబేన్, ఒమా మీదుగా, అంటే పొరుగు దేశపు టిరోన్ కౌంటీ మీదుగా పోవడమే మామూలు దారి. ఆ ప్రాంతానికి రైలు లేదు. డెర్రీ నుంచి ఒమా మీదుగా పోర్టడౌన్‌కు నడిచిన రైలు మార్గాన్ని 1965లో మూసేశారు. డొనెగల్‌లోని మిగతా రైళ్లు అంతకు ముందే ఆగిపోయాయి. బస్సు, లారీ, అంబులెన్సు, అన్నీ ఆ పాత రెండు లేన్ల రోడ్డు మీదే.

మిగతా సగం జవాబు రాజకీయాల్లో ఉంది. ఉత్తర ఐర్లండ్ బ్రిటన్‌తో ఉండాలా, ఐర్లండ్‌లో కలవాలా అని దశాబ్దాల పాటు నడిచిన హింస కాలంలో ఈ సరిహద్దు వెంబడి చిన్న రోడ్లను బ్రిటిష్ సైన్యం గుంతలు తవ్వి, కాంక్రీటు దిమ్మెలు పెట్టి మూసేసింది. పెద్ద రోడ్ల మీద చెక్‌పోస్టులు పెట్టింది. ఆక్నాక్లోయ్ చెక్‌పోస్టు దాటి ఆటకు నడిచి వెళ్తున్న ఎయిడన్ మెకానెస్పీ అనే యువకుడు 1988లో అక్కడే సైనికుడి తూటాకు చనిపోయాడు. ఆ కేసులో సైనికుణ్ని కోర్టు దోషిగా తేల్చింది 2022లో. 1998లో గుడ్ ఫ్రైడే శాంతి ఒప్పందం, 2006లో సెయింట్ ఆండ్రూస్ ఒప్పందం కుదిరాక, మూసిన దారులున్న చోట పెద్ద రోడ్డు వేయడం శాంతికి గుర్తుగా కనిపించింది. 2007 జులైలో ఉత్తర, దక్షిణ మంత్రుల మండలి సమావేశంలో డబ్లిన్ 40 కోట్ల పౌండ్లు ఇస్తానంది. ఏ5కూ, బెల్‌ఫాస్ట్ నుంచి లార్న్ ఓడరేవుకు పోయే ఏ8కూ కలిపి ఆ డబ్బు. అప్పుడు ఐర్లండ్ చేతిలో డబ్బు గలగలలాడుతోంది.

మూడేళ్లకే ఆ గలగల పోయింది. బ్యాంకులు కుప్పకూలి 2010 చివర్లో ఐర్లండే యూరోపియన్ యూనియన్, ఐఎంఎఫ్‌లతో 8,500 కోట్ల యూరోల ప్యాకేజీ కుదుర్చుకుంది. జీతాలూ పింఛన్లూ కోస్తున్న ప్రభుత్వం పక్క దేశంలో రోడ్డుకు అంత డబ్బు ఇస్తే సొంత జనం ఊరుకుంటారా? 2011 నవంబరులో డబ్లిన్ వెనక్కి తగ్గింది. 2015, 2016ల్లో ఏడాదికి రెండున్నర కోట్ల చొప్పున ఐదు కోట్ల పౌండ్లు మాత్రం ఇస్తామంది. మిగతా భారం ఉత్తర ఐర్లండ్ సొంత ప్రభుత్వం మీద, అంటే బెల్‌ఫాస్ట్‌లోని స్టోర్మంట్ మీద పడింది. ఉన్న డబ్బుతో ముక్కలు ముక్కలుగా కడదామని 2012లో వాళ్లు 33 కోట్ల పౌండ్లతో రెండు భాగాలకు సిద్ధమయ్యారు.

ఇక్కడి నుంచి కథ ఖజానా దాటి కోర్టులోకి వెళ్లింది. నా ఉద్దేశంలో అసలు చిక్కు మొదటి నుంచీ అక్కడే ఉంది. డబ్బు గొడవ వల్ల అది బయటికి కనపడలేదు.

కొత్త రోడ్డు చాలావరకు పాత రోడ్డు పక్కన పొలాల మధ్య నుంచి పోతుంది. భూసేకరణ అంటే ఏమిటో మన దగ్గర వేరే చెప్పక్కర్లేదు. ఇక్కడా రైతులు, భూమి యజమానులు, స్థానికులు కలిసి ఆల్టర్నేటివ్ ఏ5 అలయన్స్ పేరుతో సంఘం కట్టారు. ఇన్ని వాహనాలు కూడా తిరగని దారికి ఇంత పెద్ద రోడ్డెందుకు, పాతదాన్నే బాగుచేసి ఓవర్‌టేక్ చేసే లేన్లు వేస్తే సరిపోదా అన్నది వాళ్ల ప్రశ్న. వాళ్లు కోర్టుకెళ్లగా 2013లో హైకోర్టు ఈ రోడ్డుకిచ్చిన అనుమతిని కొట్టేసింది. రోడ్డు విస్తీర్ణం చూసో, ఖర్చు చూసో కాదు. ఫాయిల్, ఫిన్ నదుల దగ్గరి రక్షిత ప్రాంతాల మీద పడే ప్రభావాన్ని యూరప్ ఆవాస పరిరక్షణ చట్టం ప్రకారం మదింపు చేయలేదన్న కారణంతో. ఆ నదులు సాల్మన్ చేపలకు పేరున్నవి. ఇటు ఏ5 ఫైళ్లలో ఉండగా, అటు ఏ8 మాత్రం 2015లో పూర్తయింది.

అదే ఏడాది ఉత్తర ఐర్లండ్ రాజకీయాలపై కుదిరిన ఫ్రెష్ స్టార్ట్ ఒప్పందంలో డబ్లిన్ మాటను ఏడున్నర కోట్ల పౌండ్లకు పెంచింది. 2017 జనవరిలో స్టోర్మంట్ కూలింది. మంత్రి లేని శాఖలో అధికారులే నవంబరులో అనుమతిచ్చేశారు. మంత్రి లేకుండా అంత పెద్ద నిర్ణయాలు చెల్లవని వేరే కేసులో అప్పీల్ కోర్టు తేల్చడంతో, 2018లో శాఖే చేతులెత్తేసి అనుమతి రద్దుకు ఒప్పుకుంది.

ఈలోగా పాత రోడ్డు మీద జనం చనిపోతూనే ఉన్నారు. 2006 నుంచి ఏ5 మీద ప్రమాదాల్లో పోయినవాళ్లు 50 మందికి పైనే. టిరోన్‌లో క్రీడా సంఘాలు, బాధిత కుటుంబాలు ‘ఎనఫ్ ఈజ్ ఎనఫ్’ అంటూ ఉద్యమం మొదలుపెట్టాయి. దానితో చర్చ స్వరం మారింది. అంతకుముందు ఏ5 అంటే ఐర్లండ్‌లో కలవాలనే జాతీయవాద పార్టీల పట్టుదల అని, బ్రిటన్‌తోనే ఉండాలనే యూనియనిస్టుల్లో కొందరు కొట్టిపారేసేవారు. బిడ్డల్ని పోగొట్టుకున్న తల్లిదండ్రుల ముందు ఆ మాట అనడం ఎవరికైనా కష్టమే. అయితే భూమి పోయే రైతుకూ తన బాధ ఉంది. పద్దెనిమిదేళ్లుగా ఆ పొలంలో షెడ్డు వేయాలా, డ్రెయినేజీ పైపులు వేయాలా అని తేల్చుకోలేకపోవడం చిన్న టెన్షన్ కాదు.

2024 ఫిబ్రవరిలో స్టోర్మంట్ మళ్లీ తెరుచుకున్న కొద్ది రోజులకే ఉత్తర, దక్షిణాల ఉమ్మడి పనుల కోసం పెట్టిన తన షేర్డ్ ఐలండ్ ఫండ్ నుంచి డబ్లిన్ ఏ5కు 60 కోట్ల యూరోలు ప్రకటించింది. కార్పొరేట్ పన్నులతో దాని ఖజానా మళ్లీ నిండింది మరి. అక్టోబరులో మౌలిక వసతుల మంత్రి జాన్ ఓడౌడ్ అనుమతిచ్చారు. స్ట్రబేన్ నుంచి బాలీగాలీ దాకా మొదటి దశకు 120 కోట్ల పౌండ్లు. ఇందులో తమాషా ఏమిటంటే, రెండు దేశాల రోడ్డుగా పేరు మోసిన దీని మొదటి దశలో సరిహద్దుకు చేరే ఆక్నాక్లోయ్ ముక్కే లేదు. అది తర్వాతి దశకు పోయింది.

దేవుడు వరమిచ్చినా పూజారి ఒప్పుకోలేదన్నట్టు, డబ్బు వచ్చాక చట్టం అడ్డొచ్చింది. అదీ స్టోర్మంట్ తానే 2022లో చేసిన వాతావరణ మార్పు చట్టం. 2050 నాటికి నికర ఉద్గారాలు సున్నాకు తేవాలని అది చెబుతోంది. ఈ రోడ్డు వేస్తే ఆ లక్ష్యం ఎలా అందుతుందో శాఖ చూపలేకపోయిందంటూ 2025 జూన్ 23న హైకోర్టు అనుమతిని మూడోసారి రద్దు చేసింది. లెక్క చూపడానికి కావలసిన వాతావరణ కార్యాచరణ ప్రణాళికను ప్రభుత్వం అప్పటికి ఆమోదించనే లేదు. ఈ తీర్పు బాధిత కుటుంబాలను ఇంకా కుంగదీస్తుందని జడ్జికీ తెలుసు, ఆ మాట కోర్టులోనే అన్నారు. చట్టం చేసింది మీరే, పాటించాల్సిందీ మీరేనన్నది దాని సారాంశం. అలయన్స్ గెలిచింది. శాఖ అప్పీలుకు వెళ్లింది.