రంధ్రం ముందు, జింకు తరువాత

జాతీయ రహదారి 16 పక్కన బిగించిన ఉక్కు రక్షణ కంచె ఏళ్ల తరబడి ఎండా వానల్లో ఉన్నా తుప్పు పట్టదు గానీ, తన ఇంటి గేటు మాత్రం రెండు వానాకాలాలకే ఎర్రబడిపోతోందనీ, ఆ కంచెకు వేసే రంగు పేరు చెబితే తానూ కొనుక్కుంటాననీ టెక్కలి నుంచి ఒక పాఠకుడు రాశారు. కంచెకు వేసేది రంగు కాదు. డబ్బాలో దొరికేదీ కాదు. అది ఉక్కుకూ, కరిగిన జింకుకూ మధ్య జరిగే రసాయన చర్య. ఆ చర్యను తయారీలో ఏ దశలో జరిపిస్తారన్నదే నా దృష్టిలో ఈ కంచె కథలో అన్నిటికన్నా ఆసక్తికరమైన విషయం.

మొదటి దశలను త్వరగా దాటేద్దాం. మూడు మిల్లీమీటర్ల మందం గల ఉక్కు రేకు పెద్ద చుట్టలుగా వస్తుంది. ఈ చుట్టలు పక్కనే ఉన్న విశాఖ ఉక్కు కర్మాగారానివి అనుకునేవారు చాలామంది ఉన్నారు గానీ, అక్కడ ప్రధానంగా తయారయ్యేవి కడ్డీలు, తీగ చుట్టలే తప్ప వెడల్పాటి రేకులు కావు. రేకును సుమారు 480 మిల్లీమీటర్ల వెడల్పు పట్టీలుగా చీల్చి, మెలికలు తీసి, బల్లపరుపుగా ఉండగానే బోల్టు రంధ్రాలు కొడతారు. ఆ తరువాత పట్టీ వరుసగా నిలిపిన రోలర్ల జతల మధ్య నుంచి సాగుతూ, ఒక్కో జత దగ్గర కొద్దికొద్దిగా వంగుతూ, చివరికి 312 మిల్లీమీటర్ల వెడల్పు, 83 మిల్లీమీటర్ల లోతు గల డబ్ల్యూ ఆకారంలో బయటికి వస్తుంది. చేత్తో వంచగల పలుచని రేకుకు బిగువు వచ్చేది ఈ లోతు వల్లనే.

ఇప్పుడు అసలు ప్రశ్న. జింకు పూత ఉన్న రేకు బజారులో తయారుగా దొరుకుతుండగా, దాన్నే కొని వంచుకోవచ్చు కదా? కూడదు. పూత ఉన్న రేకును కోస్తే కోసిన అంచున, రంధ్రం చేస్తే ఆ రంధ్రం లోపలి గోడ మీద ఉక్కు బట్టబయలవుతుంది. పైగా ఆ రేకుల మీద పూత చాలా పలుచన. అందుకే కోత, రంధ్రం, వంపు అన్నీ ముగిశాక, ఇక ఏ పనిముట్టూ తాకనవసరం లేదన్న స్థితిలో డబ్ల్యూ ఆకారపు ఈ కంచె పట్టీని, అంటే దూలాన్ని, జింకులో ముంచుతారు.

ఈ ముంచడాన్ని అర్థం చేసుకోవడానికి మన జిల్లాల వారికి కళాయి పని చక్కగా ఉపకరిస్తుంది. ఇత్తడి పనికి పేరున్న మన బుడితి గిన్నెలో పులుసు కాచాలంటే లోపల కళాయి ఉండాలి. కళాయి వేసేవాడు గిన్నెను తోమి, కొలిమి మీద వేడిచేసి, నవాసారం చల్లుతాడు. తెల్లటి పొగ లేస్తుంది. అప్పుడు తగరం తాకించి గుడ్డతో తిప్పుతాడు. నవాసారం అంటే అమ్మోనియం క్లోరైడ్. అది వేడికి విడిపోయి పుట్టే హైడ్రోజన్ క్లోరైడ్ లోహం మీది ఆక్సైడు పొరను తినేస్తుంది. ఆ పొర పోకపోతే కరిగిన తగరం పూసల్లా జారిపోతుందే తప్ప అతుక్కోదు. కంచె కర్మాగారంలోనూ ఇదే వరుస. దూలాన్ని క్షార ద్రావణంలో జిడ్డు వదిలించి, హైడ్రోక్లోరిక్ ఆమ్లంలో తుప్పు తీసి, నీటితో కడిగి, జింకు అమ్మోనియం క్లోరైడ్ ద్రావణంలో ముంచి ఆరబెడతారు. తొట్టిలో దింపినప్పుడు లేచే తెల్ల పొగ కళాయివాడి పొగకు దగ్గరి చుట్టమే.

తొట్టిలో జింకు సుమారు 450 డిగ్రీల సెల్సియస్ దగ్గర ఉంటుంది. అది కరిగేది దాదాపు 420 దగ్గర. దూలం మునిగిన కొద్ది నిమిషాల్లో ఇనుము, జింకు పరస్పరం కలిసి పొరలు కడతాయి. ఉక్కును ఆనుకొని ఇనుము ఎక్కువగా ఉన్న గామా పొర, దాని మీద డెల్టా, ఆపైన జీటా, అన్నిటికన్నా పైన దాదాపు శుద్ధ జింకు అయిన ఈటా. డెల్టా పొర మెత్తని ఉక్కు కంటే గట్టిది, ఈటా మెత్తనిది. కాబట్టి ఇది అతికించిన పూత కాదు, ఉక్కులోంచే మొలిచిన పొర. పొరలు మందమయ్యే కొద్దీ ఇనుము, జింకు కలుసుకోవడం కష్టమై చర్య నెమ్మదిస్తుంది.

అయితే ఉక్కులో సిలికాన్ తగని పాళ్లలో ఉంటే ఈ నిదానం తప్పుతుంది. ఉక్కులో కార్బన్, మాంగనీసు, సిలికాన్ కొద్దికొద్దిగా ఉంటాయి. మాంగనీసు గురించి ఆ గనుల ప్రాంతమైన చీపురుపల్లి, గరివిడి వారికి నేను చెప్పనక్కరలేదు. ఇక్కడ పేచీ పెట్టేది సిలికాన్. అది సుమారు 0.04 నుంచి 0.12 శాతం మధ్య ఉంటే జీటా పొర అదుపు తప్పి పెరిగి, పూత మందంగా, మసక బూడిదరంగుగా, పెళుసుగా తయారవుతుంది. దీన్ని 1940 ప్రాంతంలో వివరించిన శాండెలిన్ అనే పరిశోధకుడి పేరుతోనే నేటికీ పిలుస్తారు. జింకును పట్టి ఉంచే తొట్టి కూడా ఉక్కుదే కనుక, దాన్నీ సిలికాన్ బాగా తక్కువగా ఉన్న ఉక్కుతోనే చేస్తారు.

మన దేశంలో ఈ కంచెలకు చదరపు మీటరుకు, ఒక్కో వైపు, సాధారణంగా 550 గ్రాముల జింకు అడుగుతారు. జింకు సాంద్రత ఘన సెంటీమీటరుకు 7.14 గ్రాములు కనుక ఇది 77 మైక్రోమీటర్ల మందం (మైక్రోమీటరంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు). నాలుగు మీటర్లకు కాస్త పైగా పొడవుండే ఒక్కో దూలం సుమారు 49 కిలోల బరువుంటే, దాని మీద రెండు కిలోలకు మించిన జింకు ఉంటుందన్నమాట.

కళాయి పోలిక ఇక్కడితో ముగుస్తుంది. కళాయి అడ్డుగోడ మాత్రమే. గరిటె గీరిన చోట ఇత్తడి బయటపడి పులుసు చిలుముతుంది. ఇనుము మీద తగరం పూసి గీరితే ఇంకా నష్టం, ఎందుకంటే ఆ జతలో కరిగిపోయేది ఇనుమే. లోహం ఎంత సులువుగా ఎలక్ట్రాన్లను వదులుకుంటుందో చెప్పే ప్రమాణ విభవాలు చూడండి (ఎంత రుణాత్మకమైతే అంత సులువు): తగరం –0.14, ఇనుము –0.44, జింకు –0.76 వోల్టులు. జింకు, ఇనుము తాకి ఉండి పైన తేమ చేరితే జింకు తాను కరుగుతూ ఎలక్ట్రాన్లను ఇనుముకు పంపి దాన్ని కాపాడుతుంది. లారీ గీరిన గీతలో ఉక్కు కనిపించినా వెంటనే తుప్పు పట్టకపోవడానికి కారణం ఇదే. పదో తరగతిలో చర్యాశీలతా శ్రేణిని పద్యంలా వల్లె వేయించే మాస్టార్లు పిల్లలను ఒక్కసారి రహదారి పక్కకు తీసుకువెళ్లి ఆ గీతను చూపిస్తే, శ్రేణి వల్లె వేయనక్కరలేకుండానే గుర్తుంటుంది.

జింకు కరగడం మాత్రం ఎన్నడూ ఆగదు. లోతట్టు ప్రాంతంలో ఏడాదికి ఒకటి రెండు మైక్రోమీటర్లు పోతే, ఉప్పుగాలి నేరుగా తగిలే తీరంలో నాలుగు నుంచి ఎనిమిది వరకు పోవచ్చు. అంటే అదే 77 మైక్రోమీటర్ల పూత పార్వతీపురం వైపు దశాబ్దాల పాటు నిలిస్తే, భావనపాడు, కళింగపట్నం వంటి చోట్ల ఇరవై ఏళ్లలోపే తరిగిపోవచ్చు. ఈటా పొర పోయి లోపలి పొరలు బయటపడినప్పుడు వాటిలోని ఇనుము వల్ల గోధుమరంగు మరకలు కనిపిస్తాయి. ఆ మరక కనబడగానే ఉక్కు తినేసిందని కంగారు పడనక్కరలేదు.

కంగారు పడవలసింది మరొక చోట. స్తంభం సరిగ్గా రాక రంధ్రాలు కలవనప్పుడు, కొందరు పనివారు అక్కడికక్కడే గ్యాసు మంటతో కొత్త రంధ్రం కోసేస్తారు. మంట తగిలినంత మేరా జింకు ఆవిరైపోతుంది, అంచున పూత ఉండదు. చుట్టూ మిగిలిన జింకు కాపాడగలిగేది కొన్ని మిల్లీమీటర్లనే కనుక, బోల్టు చుట్టూ ఎర్ర వలయం మొదట అక్కడే పుడుతుంది. ప్రమాదాలు జరిగే మలుపులో కంచెకు నిమ్మకాయలు, మిరపకాయలు కట్టేవారు ఆ బోల్టుల వంక కూడా ఒకసారి చూస్తే బాగుంటుంది. రంధ్రం తప్పనిసరైతే మంట మాని డ్రిల్లు వాడి, అంచును శుభ్రం చేసి, జింకు పొడి అధికంగా ఉన్న పెయింటు దట్టంగా పూయాలి. ఢీకొని వంగిన దూలాన్ని కాల్చి సాగదీసి మళ్లీ బిగించడమూ ఇలాంటి పనే. దాన్ని తీసి కొత్తది వేయాలి. టెక్కలి పాఠకుడి గేటుకు సంబంధించినంత వరకు, వెల్డింగు పనులన్నీ ముగిశాక దాన్ని జింకు తొట్టి ఉన్న కర్మాగారానికి పంపాలి. మూసిన గొట్టాలుంటే గాలి పోవడానికి ముందుగానే రంధ్రాలు పెట్టించాలి, లేకపోతే లోపల చిక్కిన తేమ ఆ వేడికి ఒక్కసారిగా ఆవిరై గొట్టం పేలుతుంది.