పోస్టు పెట్టినందుకు ప్రోగ్రాం పోయిందా? అపోహలు - వాస్తవాలు

ఉగాది దాటి తిరునాళ్లు, జాతరలు మొదలయ్యాయంటే అనంతపురంలో నా ఆఫీసుకు న్యాయ సలహా కోసం వచ్చే కళాకారులు పెరుగుతారు. పద్యనాటకాల నటులు, ఆర్కెస్ట్రా గాయకులు, మిమిక్రీ చేసేవాళ్లు, ఈ మధ్య యూట్యూబులో హాస్యం చేసే కుర్రాళ్లు. ఎక్కువ మందిది ఒకటే కథ. రాజకీయం గురించి ఎక్కడో ఒక మాట అన్నారు, ఒప్పుకున్న ప్రోగ్రాం పోయింది. కుర్చీలో కూర్చోగానే అడిగేది: "వాక్ స్వాతంత్ర్యం ఉంది కదా సార్, రద్దు చేయడానికి వాళ్లెవరు?" కాసేపటికి గొంతు తగ్గించి: "ఏమీ చేయలేమని అంటున్నారు, నిజమేనా?" మొదటి ప్రశ్నలో ఒక అపోహ, రెండో ప్రశ్నలో ఇంకో అపోహ. రెండూ కలిసి పేద కళాకారుల నోటి దగ్గర కూడు లాగేస్తున్నాయి.

అపోహ: రాజ్యాంగం హక్కు ఇచ్చింది కాబట్టి, నా అభిప్రాయం నచ్చలేదని ప్రోగ్రాం రద్దు చేయకూడదు.

వాస్తవం: వాక్ స్వాతంత్ర్యం ఇచ్చే 19(1)(ఎ) అధికరణ కట్టడి చేసేది ముఖ్యంగా ప్రభుత్వాన్ని. ప్రభుత్వం మీ నోరు మూయించాలంటే చట్టం ఉండాలి, ఆ చట్టానికి 19(2)లో రాసిన కారణాల్లో ఒకటి ఉండాలి. జాతర కమిటీ ప్రభుత్వం కాదు, పెళ్లివారూ కాదు. మీ పాట వినాలా వద్దా అన్నది వినేవాడి ఇష్టం. "ఇతని సినిమా చూడం" అని పిలుపునివ్వడం కూడా వాక్ స్వాతంత్ర్యమే, మనకు ఎంత మంటగా ఉన్నా సరే. 2015 నవంబరులో ఆమిర్ ఖాన్ దేశంలో అసహనం గురించి మాట్లాడితే, ఆయన ప్రచారం చేస్తున్న స్నాప్‌డీల్ యాప్ మీద జనం కోపం చూపించారు. ఆయన వ్యక్తిగత వ్యాఖ్యలతో తమకు సంబంధం లేదని ఆ సంస్థ ప్రకటించుకుంది, తర్వాత ఒప్పందం పొడిగించలేదు. 2025 ఫిబ్రవరిలో 'లైలా' సినిమా విడుదలకు ముందు జరిగిన వేడుకలో నటుడు పృథ్వీ అన్న మాట ఒక పార్టీని ఎద్దేవా చేసిందని బహిష్కరణ పిలుపు వచ్చింది. మాట ఆయనది, ముందుగా క్షమాపణ చెప్పుకున్నది హీరో విశ్వక్‌సేన్, నిర్మాత. ఈ రెండింటిలోనూ 19(1)(ఎ) పట్టుకుని కోర్టుకు వెళ్లడానికి ఏమీ లేదు.

2023 జనవరిలో కౌశల్ కిశోర్ కేసులో సుప్రీంకోర్టు రాజ్యాంగ ధర్మాసనం, 19, 21 అధికరణల హక్కులను (వాక్ స్వాతంత్ర్యం లాంటివి, జీవించే హక్కు) ప్రభుత్వేతరుల మీద కూడా అమలు చేయమని కోరవచ్చని మెజారిటీ తీర్పు ఇచ్చింది. ఆ వార్త వాట్సాప్‌లో నాకు పంపి "ఇక కమిటీని కోర్టుకు లాగుదామా" అని అడిగేవాళ్లు ఉన్నారు. దాన్ని చూపించి మిమ్మల్ని స్టేజీ ఎక్కించి తీరాలని ఆర్డరు తెచ్చుకోగలమని ఆశపెట్టుకోకండి. మనిషి సొంత విద్య మీద ఆధారపడిన ఒప్పందాన్ని కోర్టు బలవంతంగా అమలు చేయించదని నిర్దిష్ట ఉపశమన చట్టం 14వ సెక్షను ఎప్పటి నుంచో చెబుతోంది.

అసలు నష్టం ఇక్కడే మొదలవుతోంది. రాజ్యాంగం ఆదుకోదని తెలియగానే మనవాళ్లు మొత్తానికే చేతులెత్తేస్తారు. కమిటీ మీ రాజ్యాంగ హక్కును కాలరాయలేదు సరే, మాట తప్పింది కదా! మాట తప్పితే నష్టపరిహారం ఇవ్వాలని 1872 నాటి ఒప్పందాల చట్టం 73వ సెక్షను చెబుతోంది. స్టాంపు కాగితం అక్కర్లేదు. నోటిమాట ఒప్పందమూ చెల్లుతుంది. బయానా ఇచ్చి, తేదీ చెప్పి, మొత్తం ఇంత అని అనుకుంటే ఒప్పందం కుదిరినట్టే. రాజకీయం మాట్లాడకూడదని అందులో షరతు లేనప్పుడు, మీ పోస్టు నచ్చలేదన్నది రద్దుకు కారణం కాజాలదు.

ఉరవకొండ వైపు నుంచి వచ్చిన ఒక నటుడి సంగతి చెబుతాను. ఆ చుట్టుపక్కల కృష్ణుడి వేషానికి ఆయనే కావాలంటారు. హంద్రీ-నీవా నీళ్లు తమ చెరువుకు ఎందుకు రావడం లేదని ఒక నాయకుణ్ణి అడుగుతూ వీడియో పెట్టాడు. అందులో బూతు లేదు, అబద్ధం లేదు. నాటకం మూడు రోజులుందనగా కమిటీ పెద్దమనిషి నుంచి వాయిస్ మెసేజ్ వచ్చింది: "అన్నా, ఏమీ అనుకోవద్దు. ఈసారికి నువ్వు రావద్దు. నీ వీడియో చూసి ఊళ్లో సగం మంది కోపంగా ఉన్నారు. వేరే కృష్ణుణ్ణి మాట్లాడుకున్నాం." సాయంత్రానికి ఇద్దరు ఇంటికి వచ్చి బయానా వెనక్కి తీసుకున్నారు. నోటుపుస్తకంలోంచి చించిన కాగితం మీద సంతకం పెట్టించుకున్నారు. దాని మీద ఏముందంటే: "నాకు ఆరోగ్యం బాగాలేనందున నాటకానికి రాలేకపోతున్నాను. బయానా తిరిగి ఇచ్చివేశాను."

ఆ కాగితం ఫోటో చూసి నాకు ఒళ్లు మండింది. ఆ మనిషి పెట్టిన సంతకం మొహమాటానికి పెట్టింది, ఊరివాళ్లు ఇంటికొస్తే కాదనలేక పెట్టింది. అయితే ఆ వాక్యాల ప్రకారం మాట తప్పింది ఆయన! డ్రెస్సులు అద్దెకు తెచ్చుకున్నాడు, హార్మోనియం మాస్టారికి తన చేతి డబ్బు ఇచ్చాడు, అదే రాత్రికి ఇంకో ఊరి పిలుపు వదులుకున్నాడు. ఇవన్నీ ఆ రెండు వాక్యాల కింద సమాధి అయ్యేవి. వాయిస్ మెసేజ్ ఆయన ఫోనులో చెరిగిపోకుండా ఉంది కాబట్టి నోటీసు ఇవ్వగలిగాం. కమిటీ ఒక లాయరును అడిగి తెలుసుకుని, ఖర్చులతో పాటు సగం పారితోషికం ఇచ్చి రాజీకి వచ్చింది.

అందుకే ప్రాధేయపడి చెబుతున్నాను. రద్దు చేసినవాళ్లు ఏ కాగితం తెచ్చినా సంతకం పెట్టకండి. ఫోనులో రద్దు చెబితే వెంటనే వాట్సాప్‌లో ఇలా రాయండి: "ఫలానా తేదీ ప్రోగ్రాం మీరు రద్దు చేస్తున్నట్టు చెప్పారు. నేను రావడానికి సిద్ధంగా ఉన్నాను." తర్వాత కేసు నడిచేది దీని మీదే. ఫోను మార్చినా ఆ సంభాషణ పోగొట్టుకోకండి. కోర్టులో దాన్ని దాఖలు చేయాలంటే భారతీయ సాక్ష్య అధినియమం 63వ సెక్షను కింద సర్టిఫికెట్ జతచేయాలి, ఆ పని లాయరు చూసుకుంటాడు. దావాకు మూడేళ్ల గడువు ఉంది. అదే రాత్రి వేరే చోట ఆడి సంపాదించి ఉంటే అది దాచకండి, పరిహారంలో దాన్ని లెక్కలోకి తీసుకుంటారు.

అపోహ: "పోలీసులు వద్దన్నారు" అని కమిటీ చెబితే ఇక అడగడానికి ఏమీ లేదు.

వాస్తవం: అప్పుడే అడగాలి. పోలీసులు అంటే ప్రభుత్వం, అక్కడ 19(1)(ఎ) ప్రాణం పోసుకుంటుంది. గొడవ చేస్తామని ఎవరో బెదిరించారని ప్రభుత్వం కళాకారుడి నోరు కట్టేయకూడదని సుప్రీంకోర్టు 1989లోనే రంగరాజన్ కేసులో చెప్పింది. 2019లో ఒక బెంగాలీ వ్యంగ్య సినిమాను పోలీసుల ఒత్తిడితో కోల్‌కతా థియేటర్లు తీసేస్తే, సుప్రీంకోర్టు పశ్చిమ బెంగాల్ ప్రభుత్వం చేత 20 లక్షల రూపాయల పరిహారం ఇప్పించింది. మన దగ్గర 2022 జనవరిలో 'చింతామణి' నాటకాన్ని నిషేధించింది ప్రభుత్వ ఉత్తర్వు, అందుకే దాని మీద హైకోర్టుకు వెళ్లగలిగారు.

కాబట్టి పోలీసులు నిరాకరించారంటే రాతపూర్వకంగా చూపించమనండి. చాలాసార్లు ఆ కాగితమే ఉండదు. నిజంగా ఉంటే ప్రోగ్రాం అసాధ్యమైనట్టు, బయానా తిరిగి ఇవ్వాల్సి వస్తుంది. ఆ ఉత్తర్వు మీద హైకోర్టులో రిట్ వేయవచ్చు.

మిగతావి గబగబా చెబుతాను.

ఐటీ చట్టం 66ఎ సెక్షను కింద లోపల వేయిస్తామని ఇప్పటికీ కొందరు బెదిరిస్తున్నారు. ఆ సెక్షనును సుప్రీంకోర్టు 2015 మార్చి 24న కొట్టేసింది. దాని పేరు చెప్పి భయపెట్టేవాడి మాట వినకండి.

ఎఫ్ఐఆర్ అయితే అరెస్టే అన్నది నిజం కాదు. ఒక మిమిక్రీ కుర్రాడి తల్లి, స్టేషన్ నుంచి వచ్చిన నోటీసు కొంగున ముడి వేసుకుని తెల్లవారుజామునే బస్సెక్కి వచ్చింది. రాత్రంతా నిద్రపోలేదట. అది బీఎన్ఎస్ఎస్ (సీఆర్‌పీసీ స్థానంలో వచ్చిన కొత్త చట్టం) 35(3) కింద విచారణకు రమ్మని పిలిచే నోటీసు. పిలిచిన రోజు వెళ్లి సహకరిస్తే సాధారణంగా అరెస్టు చేయరని చెప్పి, ముందు టీ తాగించాను. ఇలాంటి పోస్టుల మీద ఎక్కువగా పెట్టే బీఎన్ఎస్ (ఐపీసీ స్థానంలో వచ్చిన కొత్త చట్టం) 196, 353 సెక్షన్లకు మామూలుగా మూడేళ్ల వరకు శిక్ష. మూడేళ్ల నుంచి ఏడేళ్లలోపు శిక్ష ఉన్న నేరాల్లో ముందు ప్రాథమిక విచారణ జరపడానికి బీఎన్ఎస్ఎస్ 173(3) వీలిస్తుంది. మాటలకు సంబంధించిన కేసుల్లో ఆ వీలు వాడుకోవడమే తగినదని 2025 మార్చిలో ఇమ్రాన్ ప్రతాప్‌గఢీ కేసులో సుప్రీంకోర్టు తీర్పు చెప్పింది. ఆ మాటలను ధైర్యంగల మనిషి కొలతతో చూడాలని, ప్రతి విమర్శలో ప్రమాదం చూసే బలహీనుడి కొలతతో కాదని కూడా అందులోనే ఉంది. నటి ఖుష్బూ 2005లో చెప్పిన అభిప్రాయం మీద పెట్టిన 23 ఫిర్యాదులను సుప్రీంకోర్టు 2010లో కొట్టేసింది. అయిదేళ్లు పట్టింది, నిజమే. గెలిచినా ఆ తిరుగుడు తిరుగుడే, అది నేను దాచను.

పోస్టు తీసేస్తే కేసు పోదు, స్క్రీన్‌షాట్ ఎప్పుడో వెళ్లిపోయి ఉంటుంది. క్షమాపణ చెప్పాలా వద్దా అన్నది మీ మనసుకు సంబంధించింది, అయితే కేసు ఉన్నప్పుడు వీడియో పెట్టేముందు లాయరుకు చూపించండి. బహిష్కరించడం నేరం కాదు గానీ, ఇంటికి ఫోను చేసి చంపుతామనడం నేరం. బీఎన్ఎస్ 351 కింద ఫిర్యాదు ఇవ్వండి, ఆ నంబరును బ్లాకు చేసే ముందు కాల్ వివరాలు భద్రపరచుకోండి.

పగలు బడిలో పాఠాలు చెప్పి రాత్రి నాటకం ఆడే ప్రభుత్వ ఉపాధ్యాయులు మన జిల్లాలో చాలామంది. మీకు 1964 నాటి ప్రవర్తనా నియమాలు వర్తిస్తాయి. పార్టీ రాజకీయాల గురించి రాసేముందు అవి ఒకసారి చదవండి, అక్కడ పోయేది ఒక రాత్రి పారితోషికం కాదు.

ఫీజుకు డబ్బు లేదని ఆగిపోయేవాళ్లకు: అనంతపురం, కర్నూలు, కడప మూడు చోట్లా జిల్లా న్యాయ సేవాధికార సంస్థలు ఉన్నాయి. మహిళలకు, ఎస్సీ, ఎస్టీలకు ఆదాయంతో పని లేకుండా ఉచితంగా లాయరును ఇస్తారు, తక్కిన వారికి ఆదాయ పరిమితి ఉంది. దావా దాకా పోకుండా ముందే లోక్ అదాలత్‌లో కమిటీని పిలిపించి మాట్లాడించమని కూడా అడగవచ్చు. వెళ్లేటప్పుడు బయానా తీసుకున్న తేదీ, ఇచ్చినవాళ్ల పేరు, మొత్తం ఎంతకు ఒప్పుకున్నారో ఒక కాగితం మీద రాసుకుని వెళ్లండి.