గరుడసేవ రాత్రి నెట్‌వర్క్

బ్రహ్మోత్సవాల్లో అయిదో రోజు రాత్రి గరుడసేవ. తిరుమల మాడవీధుల దగ్గర నిలబడి ఫోన్ చూస్తే సిగ్నల్ గీతలు నిండుగా ఉన్నాయి. ఇంటికి పంపిన ఫోటో మాత్రం ఎంతసేపటికీ కదల్లేదు. టవరు మాట ఎంత గట్టిగా వినిపిస్తోందో ఆ గీతలు చెబుతాయి, మన వంతు ఎప్పుడొస్తుందో చెప్పవు. ఉన్న కాస్త స్పెక్ట్రమ్‌నే, అంటే ఫోన్ల మాటలు మోసే రేడియో తరంగాల వాటానే, అక్కడున్న వేలమందీ పంచుకోవాలి.

ఈ ఒక్క రాత్రి కోసం ఏడాది పొడవునా భారీ యంత్రాంగాన్ని పోషించడం ఏ కంపెనీకీ గిట్టదు. ఆర్టీసీ అయితే వేరే డిపోల నుంచి బస్సులు రప్పించి, బోర్డు మార్చి, కొండకు నడుపుతుంది. టెలికాం కంపెనీలకు చాలాకాలం ఆ వీలే లేదు. కాల్స్ కలపడానికి ఒక యంత్రం, చందాదారుల వివరాలకు ఇంకొకటి, ఇంటర్నెట్‌కు దారి చూపడానికి మరొకటి. ఒకదాని పని ఇంకొకటి చేయలేదు. 2012 అక్టోబరులో జర్మనీలోని డార్మ్‌స్టాట్‌లో పెద్ద ఆపరేటర్లు కొందరు కలిసి ఒక పత్రం విడుదల చేశారు. ఆ పనులన్నిటినీ సాఫ్ట్‌వేర్‌గా మార్చి మామూలు సర్వర్ల మీద నడపాలన్నది అందులోని ప్రతిపాదన. అప్పుడు రద్దీ పెరిగితే అదే ప్రోగ్రాం ఇంకో నాలుగు సర్వర్లలో నడుస్తుంది, తెల్లారాక ఆ సర్వర్లు వేరే పనికి పోతాయి. ఇలా అవసరాన్ని బట్టి వాడుకునే సర్వర్ల గుంపునే క్లౌడ్ అంటారు. యాంటెన్నాలకు మాత్రం ఈ సూత్రం పనికిరాదు. గాలిని క్లౌడ్‌లోకి ఎక్కించలేం కదా! అందుకే రద్దీ రోజుల్లో బండి మీద తెచ్చే తాత్కాలిక టవర్ల అవసరం ఇంకా తీరలేదు.

బస్సుల్లాగే నెట్‌వర్క్‌కూ బోర్డు మార్చడం వచ్చాక టెలికాం కంపెనీలు నెలవారీ రీఛార్జి ఒక్కటే అమ్మాల్సిన పని లేదు. చిత్తూరు చుట్టుపక్కల మామిడి గుజ్జు ఫ్యాక్టరీలు చూడండి. తోతాపురి దిగుబడి వచ్చే ఆ రెండు మూడు నెలలే వాటికి ఊపిరాడని పని. గేటు బయట ట్రాక్టర్లు బారులు తీరే ఆ రోజులకు మాత్రమే తూకం యంత్రాలకు, కెమెరాలకు, కోల్డ్ స్టోరేజీ సెన్సర్లకు 5జీ నెట్‌వర్క్‌లో ఒక భాగాన్ని విడిగా కేటాయించి అద్దెకివ్వచ్చు. దీన్నే స్లైసింగ్ అంటారు. రైతుకు తూకం చీటీ ఆలస్యం కాకపోవడమే నాకు ఇందులో నచ్చే సంగతి.

సమాచారం కూడా సరుకే. ఈ నంబరు సిమ్ ఈమధ్య మారిందా అని బ్యాంకు అడిగితే ఆపరేటర్ క్షణంలో జవాబిస్తాడు, ఆ జవాబుకు రుసుము తీసుకుంటాడు. సిమ్ మార్చి ఖాతా ఊడ్చేసే మోసాలకు ఇది గట్టి అడ్డు. ఇలాంటి సేవలన్నీ ఒకే పద్ధతిలో అందించాలని 2023 ఫిబ్రవరిలో బార్సిలోనాలో ఓపెన్ గేట్‌వే అనే మొబైల్ ఆపరేటర్ల ఉమ్మడి కార్యక్రమం మొదలైంది. జపాన్‌లో రకుటెన్ అనే కంపెనీ ఇంకో అడుగు ముందుకేసింది. 2020 ఏప్రిల్‌లో పూర్తిగా క్లౌడ్ మీద మొబైల్ సేవలు ప్రారంభించి, తర్వాత ఆ నెట్‌వర్క్ కట్టే పరిజ్ఞానాన్నే ఇతర ఆపరేటర్లకు అమ్మకానికి పెట్టింది. సొంత మొబైల్ వ్యాపారంలో మాత్రం ఏళ్ల తరబడి భారీ నష్టాలు భరించింది.

నా భయం వేరే చోట ఉంది. వెబ్‌సైటును బట్టి డేటా ధర మార్చకూడదని మన టెలికాం నియంత్రణ సంస్థ ట్రాయ్ 2016లోనే కట్టడి చేసింది. ఇప్పుడు నెట్‌వర్క్‌ను ముక్కలుగా కోసి అమ్మితే, గరుడసేవ రాత్రి ఎక్కువ డబ్బిచ్చిన ప్రసార సంస్థకే పెద్ద ముక్క దక్కుతుందా? మొదటి ముక్క అంబులెన్సులకు వెళ్లాలి. రెండోది, జనంలో తప్పిపోయిన పిల్లల కోసం వెతికే పోలీసులకు. మామూలు భక్తుడి ఫోన్‌కూ సరిపడా ఉంచాకే, మిగిలింది ఎంతైనా అమ్ముకోవచ్చు.