పరాయి దేశంలో ఆడపిల్లలకు అక్కగా ఉండడం: కొన్ని అపోహలు, వాస్తవాలు

ఆదివారం ఆరాధన అయ్యాక గుమ్మం దగ్గర చెప్పులు వేసుకుంటుంటే ఓ పెద్దావిడ నా చెయ్యి పట్టుకుంది. "ఏటమ్మా, నేపాల్లో నాలుగేళ్లున్నావు కదా, ఎంతమందిని మార్చేవు?" ఆవిడది భీమిలి. ప్రేమగానే అడిగింది. చెప్పడానికి నా దగ్గర అంకె లేదు.

నేను మిషన్‌కి, అంటే క్రైస్తవ పరిచర్యకు, వెళ్లి పనిచేసింది ఖాట్మండు దగ్గర ఓ హాస్టల్లో, 13 నుంచి 17 ఏళ్ల అమ్మాయిలతో. వాళ్లు నన్ను దిదీ అనేవారు, అంటే అక్క. విశాఖ తిరిగొచ్చి ఏడాదైంది. ఇప్పుడు మన చర్చి సంఘాల్లో ఇద్దరు ముగ్గురు అమ్మాయిలు "అక్కా, మేమూ వెళ్తాం" అంటున్నారు. వాళ్ల కోసం, వాళ్లను పంపడానికి టెన్షన్ పడుతున్న తల్లుల కోసం ఇది రాస్తున్నాను.

అపోహ: మిషన్‌కి వెళ్లడమంటే మతం మార్చడానికి వెళ్లడమే.

నేపాల్లో అది నేరం. 2015 రాజ్యాంగంలోని 26వ అధికరణం ఇంకొకరి మతం మార్చడాన్ని నిషేధించింది. తర్వాత వచ్చిన శిక్షాస్మృతి ప్రకారం ఐదేళ్ల వరకు జైలు. విదేశీయులైతే శిక్ష పూర్తయ్యాక దేశం నుంచి పంపించేస్తారు. నేను కూర్చున్నది అప్పటికే చర్చికి వచ్చే పిల్లలతో, వాళ్ల పెద్దవాళ్లకు తెలిసి. ఆ చట్టం లేకపోయినా అలాగే చేసేదాన్ని. పద్నాలుగేళ్ల పిల్ల ఇంట్లో దాచి మనతో విశ్వాసం గురించి మాట్లాడుతోందంటే ఎక్కడో తేడా ఉన్నట్టే. చాలాసార్లు ఆ తేడా మన వైపే ఉంటుంది.

అపోహ: బైబిల్ వాక్యం బాగా చెప్పగలిగితే చాలు.

మొదటి ఆరు నెలలు నేనూ అదే అనుకున్నాను. రాత్రంతా పాఠం తయారు చేసుకుని గంటసేపు చెప్పేదాన్ని. పిల్లలు బుద్ధిగా తలలూపేవారు. తర్వాత తెలిసింది, సగం సేపు నా నేపాలీకి నవ్వు ఆపుకుంటూ కూర్చున్నారని.

నేనున్నప్పుడు అక్కడ వారం సెలవు శనివారం. ఆదివారం బడులు, ఆఫీసులు నడిచేవి కాబట్టి చర్చి కూడా శనివారమే. ఆరాధన అయ్యాక మధ్యాహ్నం ఎండలో కూర్చుని ఒకరికొకరు తలకు ఆవనూనె రాసుకునేవారు. (ఆ వాసన అలవాటు కావడానికి నాకు ఏడాది పట్టింది.) జడ అల్లుతున్నప్పుడు ఎవరూ ఎవరి మొహమూ చూడరు కదా, అసలు మాటలు అప్పుడు వచ్చేవి. ఒకమ్మాయి వెనక్కి తిరక్కుండానే అడిగింది, "దిదీ, నెలసరిలో బైబిల్ ముట్టుకోవచ్చా?" వాళ్ల అమ్మది దేశానికి పడమటి కొసన ఉన్న జిల్లా. అక్కడ నెలసరి రోజుల్లో ఆడవాళ్లను ఇంటి బయట పాకలో ఉంచే ఛౌపడీ ఆచారం ఉంది. 2018 ఆగస్టు నుంచి అది శిక్షించదగ్గ నేరమే, కానీ భయం అంత తొందరగా పోదు. మార్కు సువార్త ఐదో అధ్యాయం తీసి, పన్నెండేళ్లు రక్తస్రావంతో బాధపడి యేసు వస్త్రాన్ని ముట్టుకున్న స్త్రీ గురించి చదువుకున్నాం. ఆయన ఆమెను విసుక్కోలేదు, "కుమారీ" అని పిలిచాడు. అంతే, పాఠం ఐదు నిమిషాలు కూడా పట్టలేదు.

అదే ప్రశ్న మొన్న ఇక్కడ విశాఖ ఎం.వి.పి. కాలనీలో ఓ ఇంటర్ అమ్మాయి అడిగింది.

అపోహ: మన సంఘం పద్ధతులే అక్కడా నేర్పాలి.

దశైన్ పండక్కి, అంటే వాళ్ల దసరాకి, ఇంటి పెద్దలు పెరుగు, బియ్యం, కుంకుమ కలిపి పిల్లల నుదుట టికా పెట్టి దీవిస్తారు. 2021 జనాభా లెక్కల ప్రకారం నేపాల్లో క్రైస్తవులు రెండు శాతం కూడా లేరు. అంటే పండగనాడు ఆ ఇంట్లో, ఆ వీధిలో టికా వద్దనేది ఒక్క ఈ పిల్లే కావచ్చు. ఓ అమ్మాయి "పెట్టించుకోనా, వద్దా?" అని ఏడుస్తూ వచ్చింది. నా దగ్గర జవాబు రెడీగా ఉంది. చిన్నప్పటి నుంచి బొట్టు గురించి విన్నదే కదా. నోరు తెరవబోతే అక్కడి పాస్టరమ్మ నా మోచెయ్యి నొక్కింది. తను అమ్మాయిని అడిగింది, "మీ నాన్నమ్మకు దేనికి బాధ? టికా పెట్టించుకోనందుకా, నువ్వు అసలు రానందుకా?" పిల్లకు ఆ ఆలోచనే రాలేదు. నాకూ రాలేదు. చివరికి ఆ అమ్మాయి పండక్కి రెండు రోజుల ముందే పళ్లు పట్టుకుని వెళ్లి, నాన్నమ్మకు విషయం చెప్పి, వంటపనంతా తనే చేసింది. ఆవిడ అలిగింది, మాంసం మాత్రం వడ్డించింది. వేరే ఇంట్లో వేరేలా తేలేది.

మన ఊళ్లోనే బొట్టు, పూలు, గాజుల మీద సంఘానికో మాట. ఆ తగువును మూట కట్టుకుని హిమాలయాల దాకా మోసుకెళ్లడం నాకు నచ్చలేదు. 1805లో లండన్ మిషనరీ సొసైటీ నుంచి క్రాన్, డెగ్రాంజ్ అనే ఇద్దరు మన విశాఖలో దిగారు. 1810 నాటికి ఇద్దరూ చనిపోయారు. సువార్తలను తెలుగులోకి తేవడంలో వాళ్లకు చేదోడుగా ఉన్నది మన దేశపువాడే అయిన ఆనందరాయర్ అనే విశ్వాసి. పాస్టరమ్మ మోచెయ్యి నొక్కినప్పుడల్లా నాకు ఆయనే గుర్తొచ్చేవాడు.

అపోహ: అమ్మాయి నమ్మి చెప్పింది ఎప్పటికీ బయటపెట్టకూడదు.

నేను చేసిన పెద్ద తప్పు ఇక్కడే. రెండో ఏడాది ఒక పిల్ల "ఎవరికీ చెప్పనని ఒట్టెయ్యి" అంటే వేసేశాను. తర్వాత తను చెప్పింది ఓ బంధువు గురించి, సెలవులకు ఇంటికి వెళ్తే జరిగేదాని గురించి. ఇంతకన్నా రాయను. రెండు రోజులు ఒట్టుకీ భయానికీ మధ్య నలిగిపోయాను. ఆ రెండు రోజులూ నేను చేసింది ప్రార్థన అనుకున్నాను, నిజానికి వాయిదా వేశాను. మూడో రోజు వార్డెన్‌కి చెప్పాను. పిల్లను ఇంటికి పంపకుండా ఆపగలిగాం. తను మాత్రం నాలుగు నెలలు నాతో మాట్లాడలేదు. చెప్పినందుకు కాదట, ఒట్టేసి చెప్పినందుకు.

అప్పటి నుంచి మొదటి రోజే చెప్పేస్తున్నాను: "నీ మాట నా దగ్గరే ఉంటుంది. కానీ నీకు హాని ఉందని తెలిస్తే తగిన పెద్దవాళ్లకు చెప్తాను, ముందు నీతో చెప్పే వెళ్తాను." ఇలా అంటే పిల్లలు నోరు మూసుకుంటారని భయపడ్డాను. అలా జరగలేదు.

విశాఖలో పరిచర్య చేసేవాళ్లు ఇది గట్టిగా పట్టుకోవాలి. 2012 పోక్సో చట్టం 19వ సెక్షన్ ప్రకారం 18 ఏళ్ల లోపు పిల్లలపై లైంగిక నేరం జరిగిందని తెలిసిన ఎవరైనా పోలీసులకు చెప్పాల్సిందే. పాస్టరుగారికీ, సండే స్కూల్ టీచరుకీ మినహాయింపు లేదు. సంఘం పరువు అనే మాట ఆ చట్టంలో ఎక్కడా లేదు. పిల్లల హెల్ప్‌లైన్ 1098. ఇంకోటి, పిల్ల కష్టాన్ని 'ప్రార్థన విన్నపం' పేరుతో వాట్సాప్ గ్రూపులో పెట్టడం చాడీలు చెప్పడం కన్నా హీనం.

అపోహ: మిషనరీలకు డాలర్లు వస్తాయి.

నేను స్లీపర్‌లో హౌరా, అక్కడ రైలు మారి రక్సౌల్, సరిహద్దు దాటి బీర్‌గంజ్, అక్కడి నుంచి బస్సు. ఖర్చు పెట్టుకుంది మన స్త్రీల సమాజం. మన వంద రూపాయలకు అక్కడ 160 వస్తాయి, నేను చూసిన విదేశీ మారకం అదే.

అపోహ: తిరిగొచ్చేసినా వాళ్లు మన పిల్లలే.

ఇది ఒప్పుకోవడం నాకు కష్టమైంది. బైబిల్లో తీతు పత్రిక రెండో అధ్యాయం చిన్నవాళ్లకు బుద్ధి చెప్పమన్నది సంఘంలోని పెద్ద స్త్రీలకు, అంటే పక్క వీధిలో ఉండి, పెళ్లికీ చావుకీ రాగలిగేవాళ్లకు. నేను రాలేను. అందుకే ఆఖరి ఏడాది నా చోట అక్కడి అమ్మాయే, నర్సింగ్ చదివిన ఓ దిదీ కూర్చునేది, నేను వెనక కూర్చుని కూర తరిగేదాన్ని. ఫోన్లు కూడా నేనే తగ్గించాను.

మొన్న ఒకమ్మాయి పదో తరగతి పరీక్ష ఫలితం వచ్చిందని ఫోన్ చేసింది. ముందు ఆ దిదీకి చెప్పావా అని అడిగాను. ఆమె పక్కనే ఉందట. ఇద్దరూ మోమోలు తింటున్నారట, చల్లారిపోతాయని ఫోన్ పెట్టేసింది.